కొత్త పోర్షే 911లో బ్యాటరీ: ఉక్కునగరం కార్ల పిచ్చోళ్లు రెండు ముక్కలైపోయారు!

కూర్మన్నపాలెం జంక్షన్‌లో సాయంత్రం గంటసేపు నిలబడినా ఒక్క పోర్షే 911 కూడా కనపడదు. బస్సులు, ఆటోలు, షిఫ్ట్ దిగి ఇంటికెళ్లే బైకులు, అంతే. అయినా సరే, ఉక్కునగరం సెక్టార్లలో కార్ల పిచ్చి ఉన్న నలుగురు కలిస్తే ఇప్పుడు గొడవ దాని మీదే. కొనేవాడు ఒక్కడూ లేడు, వాదించేవాళ్లు మాత్రం పదిమంది!

విషయం ఏంటంటే, పోర్షే 2024 మే నెలలో 911కి పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. కంపెనీ కోడ్‌లో దీన్ని 992.2 అంటారు. బయట డిజైన్ మార్పులు మామూలే. ముందున్న లైట్లన్నీ ఒకే మ్యాట్రిక్స్ ఎల్ఈడీ హెడ్‌ల్యాంప్‌లోకి సర్దేశారు. జీటీఎస్‌లో బంపర్‌కి నిలువుగా తెరుచుకుని మూసుకునే ఫ్లాప్స్ వచ్చాయి. వెనక సీట్లు తీసేశారు, కావాలంటే ఎక్స్‌ట్రా డబ్బు లేకుండానే పెట్టిస్తారు. ఇవన్నీ సరే. అసలు మంట రాజేసింది జీటీఎస్ వేరియంట్‌లో వచ్చిన టీ-హైబ్రిడ్ ఇంజిన్. రోడ్డు మీద తిరిగే 911లో హైబ్రిడ్ పెట్టడం ఇదే మొదటిసారి.

హైబ్రిడ్ అంటే ప్రియస్ అనుకునేరు

ముందు ఇది క్లియర్ చేసుకుందాం. ఇది ప్లగ్ పెట్టి చార్జ్ చేసే కారు కాదు. ఒట్టి కరెంటు మీద ఒక్క మీటరు కూడా నడవదు. బ్యాటరీ 1.9 కిలోవాట్ అవర్ మాత్రమే. మన భాషలో చెప్పాలంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో దాదాపు 19 వాట్ అవర్ ఉంటుంది. అంటే ఈ కారులో ఉన్నది ఓ వంద ఫోన్ల కరెంటు, బరువు 27 కేజీలు. మైలేజీ కోసం పెట్టిన బ్యాటరీ కాదని ఇక్కడే అర్థమైపోతుంది. క్షణంలో తీసుకుని క్షణంలో ఇవ్వడానికి పెట్టింది. సిస్టమ్ మొత్తం 400 వోల్టుల మీద పనిచేస్తుంది.

పాత జీటీఎస్‌లో 3.0 లీటర్ ఫ్లాట్-సిక్స్, రెండు టర్బోలు, 480 పీఎస్. కొత్తదాంట్లో బోర్ 97 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 81 మిల్లీమీటర్లకు పెంచి 3.6 లీటర్ చేశారు. టర్బో మాత్రం ఒక్కటే. ఇంజిన్ ఒక్కటే 485 పీఎస్, 570 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఎనిమిది గేర్ల పీడీకే గేర్‌బాక్స్‌లో ఇంకో మోటర్ కూర్చోబెట్టారు, అది 54 పీఎస్ దాకా కలుపుతుంది. మొత్తం 541 పీఎస్, 610 న్యూటన్ మీటర్లు. సున్నా నుంచి 100కి 3.0 సెకన్లు.

ఏసీ కంప్రెసర్ కూడా కరెంటుదే కాబట్టి ఇంజిన్‌కి బెల్టుల బాధ పోయింది. దాంతో ఇంజిన్ ఎత్తు 110 మిల్లీమీటర్లు తగ్గింది, ఆ ఖాళీలో ఇన్వర్టర్, కన్వర్టర్ సర్దేశారు. ఫోన్ లోపల మదర్‌బోర్డు చిన్నది చేసి ఆ చోటు కెమెరాకి ఇచ్చినట్టు.

ఆ ఒక్క టర్బో సంగతి ఉక్కునగరం వాళ్లకి చెప్పాలా?

నాకు ఇందులో బాగా నచ్చింది ఆ ఎలక్ట్రిక్ టర్బోనే. మామూలు టర్బో ఎలా పనిచేస్తుందో తెలిసిందే. సైలెన్సర్ వైపు పోయే వేడి గ్యాస్ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రానికి అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుంది. చిక్కేమిటంటే, యాక్సిలరేటర్ తొక్కగానే గ్యాస్ చాలదు. చక్రం వేగం అందుకునేదాకా ఆగాలి. దాన్నే టర్బో ల్యాగ్ అంటాం. టర్బో పెద్దదైతే ల్యాగ్ ఎక్కువ, చిన్నదైతే పైన పవర్ తక్కువ. అందుకే ఇన్నాళ్లూ రెండు చిన్నవి పెట్టి సర్దుకున్నారు.

పోర్షే ఏం చేసిందంటే, ఒక పెద్ద టర్బో పెట్టి ఆ రెండు చక్రాల మధ్య ఇరుసు మీద ఎలక్ట్రిక్ మోటర్ బిగించింది. తొక్కగానే మోటరే చక్రాన్ని గిర్రున తిప్పేస్తుంది. గ్యాస్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇక గ్యాస్ ఎక్కువైపోయినప్పుడు? మామూలు టర్బోలో అయితే వేస్ట్‌గేట్ తెరిచి ఎక్కువైన గ్యాస్‌ని పక్కనుంచి వదిలేస్తారు. పేరులోనే ఉంది, వేస్ట్ అని. ఇందులో వేస్ట్‌గేట్ లేదు. అదే మోటర్ అప్పుడు జనరేటర్‌గా మారి, గ్యాస్ వేగం నుంచి 11 కిలోవాట్ల దాకా కరెంటు లాగుతుంది. ఆ కరెంటు బ్యాటరీకో, గేర్‌బాక్స్ మోటర్‌కో పోతుంది.

ఈ ఐడియా కొత్తదని ఎవరైనా అంటే ఉక్కునగరంలో నవ్వుతారు. బ్లాస్ట్ ఫర్నేస్ అంటేనే వేడి గాలిని ఒత్తిడితో లోపలికి ఊదే కొలిమి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదులూ దేవతల పేర్లు పెట్టుకున్న మన ప్లాంట్ ఫర్నేసులు చేసేది అదే పని. పై నుంచి బయటికొచ్చే గ్యాస్‌లో ఇంకా ఒత్తిడి మిగిలే ఉంటుంది. దాన్ని ఊరికే వదిలేయకుండా టర్బైన్ తిప్పి కరెంటు తీయడానికే ప్లాంట్‌లో గ్యాస్ ఎక్స్‌పాన్షన్ టర్బైన్ స్టేషన్లు ఉన్నాయి. మొదటి రెండు ఫర్నేసులకి పెట్టిన టర్బైన్లు ఒక్కోటి 12 మెగావాట్లవి. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు ఈ ప్లాంట్‌ని జాతికి అంకితం చేశారు. అంటే మన నాన్నల తరం ఎప్పుడో చూసేసిన ఉపాయాన్ని, వెయ్యో వంతుకి కుదించి పోర్షే ఇప్పుడు ఇంజిన్ పక్కన పెట్టింది. అలాగని ఆ పని సులువని కాదు. అంత వేడిలో, అంత వేగంలో ఇరుసు మీద మోటర్ నిలబడాలంటే మాటలు కాదు.

అందుకే ఇక్కడి కుర్రాళ్లలో ఒక బ్యాచ్ దీన్ని నెత్తిన పెట్టుకుంది. వాళ్ల మాట ఒకటే: వృథాగా పోయేదాన్ని వాడుకున్నారు, అందులో తప్పేంటి? నూర్‌బుర్గ్‌రింగ్‌లో ల్యాప్ టైమ్ 7 నిమిషాల 16.934 సెకన్లు. పాత జీటీఎస్ కన్నా 8.7 సెకన్లు తక్కువ. ఇంకేం కావాలి?

అవతలి బ్యాచ్ బాధ వేరే

వాళ్లకి స్పీడ్ మీద కంప్లయింట్ లేదు. మూడు విషయాల మీద ఉంది.

మొదటిది మీటర్. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో మొదటి 911 కనపడినప్పటి నుంచి స్టీరింగ్ వెనక నట్టనడుమ ముల్లు తిరిగే ఆర్‌పీఎం మీటర్ ఉండేది. పోయిన వెర్షన్‌లో చుట్టూ స్క్రీన్లు వచ్చినా ఆ ఒక్క ముల్లునీ ముట్టుకోలేదు. ఇప్పుడు 12.6 అంగుళాల కర్వ్‌డ్ స్క్రీన్ వచ్చి దాన్నీ మింగేసింది. అందులో పాత అయిదు గుండ్రాల లుక్ కూడా ఒక థీమ్‌గా పెట్టారు. గ్యాడ్జెట్ సైట్‌లో రాసేవాడిని కాబట్టి నేను స్క్రీన్ల వైపు ఉంటాననుకుంటారేమో. ఉండను. ఫోన్‌లో మంచి డిస్‌ప్లే అయిదేళ్లకి పాతదైపోతుంది, ముల్లు అరవయ్యేళ్లయినా పాతదవదు. 911 అనేది అరవయ్యేళ్లు దాచుకునే కారు. దీనికి ముల్లు ఉంచాల్సింది.

రెండోది స్టార్ట్ బటన్. ఇన్నాళ్లూ స్టీరింగ్ పక్కన డోర్ వైపు ఒక పిడి తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసేవాళ్లు. ఇప్పుడక్కడ నొక్కే బటన్. దీని గురించి గుండెలు బాదుకునేవాళ్లని చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఐ20లో కూడా బటనే కదరా బాబూ!

మూడోదే అసలైంది: క్లచ్. టీ-హైబ్రిడ్‌కి మాన్యువల్ గేర్‌బాక్స్ లేదు, రాదు. మోటర్ ఉన్నదే పీడీకే లోపల. మామూలు కరేరా, కరేరా ఎస్ కూడా పీడీకేతోనే. మాన్యువల్ కావాలంటే 394 పీఎస్ కరేరా టీ, లేదా టర్బో లేని 4.0 లీటర్ జీటీ3. ఈ జీటీ3 సంగతి చెప్పుకోవాలి. 9,000 ఆర్‌పీఎం దాకా అరుస్తుంది, 510 పీఎస్. కానీ కొత్త ఎమిషన్ రూల్స్ కోసం క్యాటలిటిక్ కన్వర్టర్లు పెంచేసరికి టార్క్ 470 నుంచి 450 న్యూటన్ మీటర్లకి పడిపోయింది. దాన్ని కవర్ చేయడానికి గేర్ రేషియోలు బిగించారు. ఆ అరుపు ఇంకెన్నాళ్లు ఉంటుందో అన్న భయం వీళ్ల మాటల్లో తెలుస్తుంది. నాగ చైతన్య 2024లో జీటీ3 ఆర్ఎస్ తీసుకున్నప్పుడు మా వాళ్లలో సగంమంది వాట్సాప్ స్టేటస్ అదే. ఆ కారులో ఉన్నదీ టర్బో లేని ఇంజినే.

మరి పోర్షే ఎందుకు చేసింది?

స్టైల్ కోసం కాదు. టర్బో ఇంజిన్లలో ఒక పాత అలవాటు ఉంది. ఫుల్‌గా తొక్కినప్పుడు లోపల వేడి తగ్గించడానికి అవసరం కన్నా ఎక్కువ పెట్రోల్ పోస్తారు. అది కాలక పొగలో కలిసిపోతుంది. యూరప్‌లో రాబోయే రూల్స్ దాన్ని ఒప్పుకోవు. గాలి ఎంతో పెట్రోల్ సరిగ్గా అంతే ఉండాలి, ఏ స్పీడ్‌లో అయినా. అలా చేస్తే పవర్ తగ్గుతుంది. తగ్గినదాన్ని పూడ్చడానికే 3.0ని 3.6 చేశారు, ల్యాగ్‌ని చంపడానికి మోటర్ పెట్టారు. అంటే ఇది ఫ్లాట్-సిక్స్‌ని చంపడానికి పెట్టిన బ్యాటరీ కాదు, ఇంకో పదేళ్లు బతికించడానికి పెట్టింది అని నా అభిప్రాయం.

దీనికి ఎదురు ఉదాహరణ మెర్సిడెస్-ఏఎంజీ సీ63. అందులో 4.0 లీటర్ వీ8 తీసేసి 2.0 లీటర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్, పెద్ద మోటర్, 6.1 కిలోవాట్ అవర్ బ్యాటరీ పెట్టారు. పవర్ 680 హార్స్‌పవర్‌కి ఎగబాకింది, బరువేమో 2,100 కేజీలు దాటింది. 2024 నవంబర్‌లో మన దేశంలో 1.95 కోట్లకి లాంచ్ చేశారు. కాగితం మీద నంబర్లు అదిరిపోతాయి, కానీ వీ8 సౌండ్ కోసం ఆ కారు ప్రేమించినవాళ్లకి ఏం మిగిలింది? పోర్షే ఆరు సిలిండర్లనీ ఉంచింది, బరువు 50 కేజీలే పెంచింది. తేడా అక్కడుంది.

911 ఫ్యాన్స్ ఏడవడం ఇది మొదటిసారీ కాదు. 1990ల చివర 996 వచ్చినప్పుడు గాలితో చల్లబడే ఇంజిన్ పోయి నీళ్లతో చల్లబడేది వచ్చిందని గొడవ. హెడ్‌లైట్లు పగలగొట్టిన గుడ్డులా ఉన్నాయని ఇంకో గొడవ. 2015లో మామూలు కరేరాకి కూడా టర్బో పెట్టినప్పుడు మళ్లీ గొడవ. అప్పుడు తిట్టిన 3.0 టర్బోనే ఇప్పుడు కరేరాలో ప్యూర్ ఇంజిన్ అంటూ మెచ్చుకుంటున్నారు. అదీ సంగతి!

ధర విషయం త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే చెప్పుకున్నా ఉపయోగం లేదు. 2024లో ఇక్కడ అనౌన్స్ చేసినప్పుడు కరేరా 1.99 కోట్లు, 4 జీటీఎస్ 2.75 కోట్లు, ఎక్స్-షోరూమ్. పూర్తిగా తయారై ఓడలో దిగే కారు కాబట్టి దిగుమతి సుంకమే నడ్డి విరుస్తుంది.

ఉక్కునగరంలో ఈ వాదన కొంచెం వేరేగా సాగడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ చాలా ఇళ్లల్లో ఫిట్టర్లు, మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. పిల్లలు మెకానికల్ చదువుతున్నారు. ఇంజిన్లో మోటర్ దూరడం అంటే వాళ్లకి కారు కబురు ఒక్కటే కాదు, రేపు ఉద్యోగానికి ఏం నేర్చుకోవాలి అన్న ప్రశ్న. ప్యూర్ ఇంజిన్ అని ఎక్కువ వాదించేది మెకానికల్ వాళ్లు, చూద్దాం అనేది ఎలక్ట్రికల్ వాళ్లు. టీ-హైబ్రిడ్ విప్పి చూస్తే మాత్రం ఇద్దరికీ పనుంది. క్రాంక్‌షాఫ్ట్ తెలియనివాడు ఆ టర్బోని ముట్టుకోలేడు, ఇన్వర్టర్ తెలియనివాడు దగ్గరికి కూడా పోకూడదు. 400 వోల్టులు మరి.

ఈలోగా పోర్షే ఆగలేదు. 2025 సెప్టెంబర్‌లో మ్యూనిక్ షోలో కొత్త 911 టర్బో ఎస్ చూపించింది. అందులో ఎలక్ట్రిక్ టర్బో ఒకటి కాదు, రెండు. 711 పీఎస్, 800 న్యూటన్ మీటర్లు, 100కి 2.5 సెకన్లు. నూర్‌బుర్గ్‌రింగ్‌లో 7 నిమిషాల 3.92 సెకన్లు. మాన్యువల్ ఇందులోనూ లేదు. గొడవ పార్ట్ టూ మొదలైంది, మీది ఏ బ్యాచ్?