ఎండకు తలుపేస్తే ఇల్లు చల్లబడుతుందా?

'ఇల్లు కట్టి చూడు' అన్నారు పెద్దలు. సైబరాబాద్‌లో ఇల్లు కొన్నవాళ్లు దానికి మరో మాట కలుపుతారు... ఆ ఇంటిని మే నెలలో చల్లగా ఉంచి చూడు! గచ్చిబౌలి, నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్... ఎక్కడ విల్లా తీసుకున్నా చేయించాల్సిన పనుల జాబితా చాంతాడంత ఉంటుంది. వేడిని ఆపే గ్యారేజీ తలుపు, రెండు పొరల అద్దాల కిటికీలు, టెర్రస్‌కు తెల్లరంగు... అన్నీ కావాలంటే లక్షలు కావాలి. మరి వీటిలో ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

అమెరికా తలుపు... మన ఎండ

అమెరికాలో ఉంటున్న మన పిల్లల ఇళ్లకు వెళ్లొచ్చినవాళ్లకు ఈ తలుపు పరిచయమే. అక్కడ చాలా ఇళ్లలో గ్యారేజీ ఇంటికి అతుక్కునే ఉంటుంది. పక్కన వంటగది, కొన్నిచోట్ల పైన పడకగది. గ్యారేజీ గడ్డకట్టినా, కాలినా ఆ ప్రభావం ఇంట్లోకి వచ్చేస్తుంది. అందుకే రెండు ఇనుప రేకుల మధ్య ఫోమ్ నింపిన తలుపులు పెడతారు. ఫోమ్‌లోని సన్నసన్నటి గాలి బుడగలు వేడిని ఒక వైపు నుంచి మరో వైపు త్వరగా పోనివ్వవు. మన ఐస్‌పెట్టె, ఫ్లాస్కు చేసే పనిలాంటిదే ఇదీ.

మన దగ్గర కథ వేరు. అపార్ట్‌మెంట్లలో కార్లు ఉండేది స్టిల్ట్‌లోనో సెల్లార్‌లోనో. చాలా విల్లాల్లో పోర్టికోనే గ్యారేజీ. నాలుగు వైపులా మూసిన గ్యారేజీ ఉన్నా ఓ చిక్కుంది. ఎండలో తిరిగొచ్చిన కారు బోలెడంత వేడిని వెంట తెస్తుంది. బయటి వేడిని రానివ్వని తలుపు లోపలి వేడిని పోనివ్వదు కదా! అలాంటి చోట గాలి ఆడే జాలీ షట్టరే నయం.

అయితే ఆ తలుపు పూర్తిగా దండగ అనీ కాదు. గ్యారేజీని ఆఫీసు గదిగానో జిమ్‌గానో మార్చి ఏసీ పెట్టుకుంటే, షట్టరు పడమర ముఖంగా ఉంటే, గ్యారేజీ గోడ ఆవల పడకగది ఉంటే... ఖర్చుకు అర్థం ఉంటుంది. అప్పుడు కూడా తలుపు అంచుల్లో సందులు లేకుండా రబ్బరు పట్టీలు బిగించాలి. సందులుంటే ఎంత మందం తలుపైనా చల్లదనం నిలవదు.

నెత్తిమీద కుంపటి

మే 9, 10 తేదీల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా హైదరాబాద్ నడినెత్తిన ఉంటాడు. అంటే వేసవిలో ఎక్కువ ఎండ పడేది తలుపు మీద కాదు, పైకప్పు మీద. పగలంతా కాగిన కాంక్రీటు స్లాబు రాత్రి పది దాటినా వేడిని కక్కుతూనే ఉంటుంది. పైఅంతస్తులో ఉండేవాళ్లకు ఆ బాధేమిటో చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు తెలుపు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, మన ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి హైదరాబాద్ భవనాలనే పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13-14 యూనిట్ల కరెంటు ఆదా అయింది. చల్లబరిచే ఖర్చులో ఇది 10 నుంచి 19 శాతం.

2017లో దేవరకొండ బస్తీలో 25 ఇళ్లపై వేడిని తిప్పికొట్టే పొర పరిచి చూశారు. ఆ ఇళ్లలో సగటున 2 డిగ్రీల వేడి తగ్గింది. తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ చల్లని కప్పు తప్పనిసరి అంది. అంతకన్నా చిన్న ఇళ్లకు యజమాని ఇష్టం.

లెక్క వేద్దాం!

చదరపు మీటరుకు 300 రూపాయల చొప్పున 100 మీటర్ల టెర్రస్‌కు 30 వేలు అవుతుందనుకుందాం. రోజంతా ఏసీ నడిచే భవనంలో 1300 యూనిట్లు ఆదా. యూనిట్ 9 రూపాయలైతే 11,700... మూడేళ్లలోపే ఖర్చు తిరిగొస్తుంది. కానీ ఇంట్లో ఏసీ వేసేది ఎక్కువగా రాత్రిళ్లే. ఆదా అందులో మూడో వంతే అనుకుంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఈలోగా పూత మళ్లీ వేయాల్సి రావచ్చు. దుమ్ము పేరుకుంటే దాని పనితనమూ తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడూ కడగాలి. అంటే బిల్లు ఒక్కటే చూసుకుంటే లాభం అంతంతే. ఏసీ లేని గదిలో పెద్దవాళ్లు, పసిపిల్లలు నిద్రపోగలిగితే మాత్రం ఆ లాభం ఏ బిల్లులోనూ కనిపించదు. బడ్జెట్ తక్కువైతే సున్నం ఉండనే ఉంది.

అందరికీ తెలిసిన భవనం

హైటెక్ సిటీకి దగ్గర్లోనే ఉన్న సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం ఇదే. పైకప్పు మీద పచ్చిక, ఎండను వడకట్టే జాలీ గోడలు, రెండు పొరల అద్దాలు, గాలిని ముందే చల్లబరిచే పవన గోపురాలు... అక్కడ ఏ ఒక్క వస్తువో కాదు, అన్నీ కలిసి పనిచేస్తాయి.

మరి మనమేం చేయాలి? రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనించి చూడండి. తర్వాత పడమటి గోడకి, కిటికీ అద్దానికి. ఏది ఎక్కువ కాలితే ముందు దాని పని పట్టండి. పైకప్పు అయితే తెల్లపూత. పడమటి కిటికీ అయితే బయటి వైపు వెదురు తడికో సన్‌షేడో వేయించండి. ఎండ అద్దాన్ని తాకకముందే ఆపడం లోపలి కర్టెన్ కన్నా మేలు. రెండు పొరల అద్దాలు ఆ తర్వాత. ఇవన్నీ అయ్యాక ఇంకా డబ్బు మిగిలితే... అప్పుడు ఆలోచించండి, గ్యారేజీ తలుపు సంగతి!