నూట యాభై గ్రాముల యుద్ధం

1998లో బీబీసీలో మొదలైన 'రోబో వార్స్'లో భారీ యంత్రాలు కొట్టుకునేవి. మా అమ్మాయికి పన్నెండేళ్లు. తనకు నచ్చినవి మాత్రం బుల్లి యాంట్‌వెయిట్‌లు. ఇక్కడ బ్రిటన్‌లో వాటి బరువు 150 గ్రాములు దాటకూడదు, 4 అంగుళాల ఘనంలో పట్టాలి.

ఇంజనీరు నాన్నను కదా, ఊరుకోలేకపోయాను. మోటార్లు నేనే బిగించాను, వైర్లు నేనే సోల్డరింగ్ చేశాను. వంటింటి కాటా మీద పెడితే 154 గ్రాములు! పొడవు స్క్రూలు తీసి పొట్టివి వేశాను. మొదటి పోటీలోనే అవతలి రోబో బ్లేడు తగిలి చక్రం ఊడి ఎగిరిపోయింది.

"ఓడిపోయింది నీ రోబో నాన్నా, నాది కాదు" అంది. నా దగ్గర జవాబు లేదు.

రెండోది తనే చేసింది. నాకు మిగిలింది కాపలా పని: లైపో బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ పక్కనే కూర్చోవడం, రిమోట్ ఆపేస్తే ఆయుధం ఆగుతోందా లేదా చూడటం, అరీనాలో పెట్టేదాకా పవర్ లింకు తగిలించనివ్వకపోవడం.

అదీ ఓడింది. కారెక్కగానే, "మూడోదానికి వెడల్పు చక్రాలు వేస్తే?" అంది.

"నీ రోబో, నీ ఇష్టం" అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికే ఇవ్వండి.