రక్తంలో కాల్షియం పెరిగితే

నేను డాక్టరును కాను, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయిన వాణ్ణి. రొమ్ము క్యాన్సరుతో ఉన్న మా అక్కయ్య విషయంలో మేము చేసిన పొరపాటు మరొక ఇంట్లో జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అక్కయ్యకు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వారం రోజులుగా మలబద్ధకం. మందుల వేడి అనుకుని మజ్జిగ ఇచ్చాము. నీరసానికని కాల్షియం మాత్రలు కూడా వేశాము! ఒకరోజు ఎదురుగా ఉన్న మనవణ్ణే గుర్తుపట్టలేదు. రక్తపరీక్షలో కాల్షియం 13.8 ఉంది. సాధారణంగా డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు ఉండాలి.

ఎందుకిలా జరుగుతుంది? మన కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. అది ఫిక్సెడ్ డిపాజిట్ అనుకోండి. అందులోంచి రక్తంలోకి ఎంత తీయాలో పారాథైరాయిడ్ హార్మోను చూసుకుంటుంది. ఊపిరితిత్తులు, రొమ్ము, మూత్రపిండాల క్యాన్సర్లు కొన్ని ఆ హార్మోనును పోలిన ప్రొటీను తయారుచేస్తాయి. 1987లో శాస్త్రజ్ఞులు దీన్ని గుర్తించారు. దొంగ సంతకం చెక్కు లాంటిదే. శరీరం నమ్మి ఎముకను కరిగించి ఇచ్చేస్తుంది. మల్టిపుల్ మైలోమాలో, ఎముకలకు పాకిన రొమ్ము క్యాన్సరులో ఎముక అక్కడికక్కడే కరుగుతుంది. పెరిగిన కాల్షియం వల్ల మూత్రపిండాలు నీటిని నిలుపుకోలేవు. ఒంట్లో నీరు తగ్గేకొద్దీ కాల్షియం ఇంకా పెరుగుతుంది.

రిపోర్టు చూసేటప్పుడు ఒక చిన్న లెక్క ఉంది, విద్యార్థులు గమనించాలి. ఆల్బుమిన్ 4 గ్రాముల కంటే తగ్గితే, తగ్గిన ఒక్కో గ్రాముకు 0.8 చొప్పున కాల్షియానికి కలపాలి. కాల్షియం 10.4, ఆల్బుమిన్ 2.5 అయితే అసలు లెక్క 11.6. పైకి మామూలుగా కనిపించే అంకె మామూలు కాదన్నమాట. వీలైన చోట అయనైజ్డ్ కాల్షియం పరీక్ష చేస్తే ఈ లెక్కతో పని లేదు.

వైద్యంలో ముందు సెలైన్. కాల్సిటోనిన్ ఇంజెక్షన్ కొన్ని గంటల్లో కొంత తగ్గిస్తుంది. ఎముక కరగడాన్ని ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్ పూర్తిగా పనిచేయడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. పాలు, పెరుగు మానిపిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువమందిలో కాల్షియం వచ్చేది ఎముకలోంచి, గ్లాసులోంచి కాదు. కాల్షియం, విటమిన్ డి మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు వాడుతుంటే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. క్యాన్సరు ఉన్నవారు మగతగా, తికమకగా ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

నాలుగో రోజు అక్కయ్య మనవణ్ణి పేరు పెట్టి పిలిచి, పరీక్ష ఫీజు కట్టావా అని అడిగింది. ఆ తర్వాత ఏడు నెలలు మాతో ఉంది.