కులం పుట్టుక: సూక్తం చెప్పింది, చిందు చెప్పింది

హిందూ సమాజంలో కులమంటే మూడు సంగతులు కలిసిన కట్టు. ఏ ఇంట్లో పుడితే ఆ కులం. పెళ్లి ఆ కులంలోనే. కులాలన్నిటికీ ఎక్కువ తక్కువల మెట్లు. ఒకప్పుడు కులానికో పని కూడా ఉండేది. గ్రంథాలు చెప్పే వర్ణం వేరు, ఊళ్లో కనిపించే కులం వేరు. వర్ణాలు నాలుగే, కులాలు వేలు. నిజామాబాద్ జిల్లా నవీపేట్‌లో శనివారం మేకల సంతకు వచ్చినవాళ్లలో గొల్లలెవరో, కురుమలెవరో ఇట్టే పోల్చుకుంటారు. వాళ్లది ఏ వర్ణమని అడిగేవాళ్లు మాత్రం ఉండరు.

వర్ణాల పుట్టుక గురించి అన్నిటికన్నా పాత మాట ఋగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తంలో ఉంది. ఆదిపురుషుడి నోరు బ్రాహ్మణుడైందని, చేతులు రాజన్యులని, తొడలు వైశ్యులని, పాదాల నుంచి శూద్రుడు పుట్టాడని అది చెబుతుంది. తర్వాత వచ్చిన ధర్మశాస్త్రాలు ఈ నాలుగు వర్ణాల కలయిక వల్లే మిగతా కులాలు పుట్టాయని లెక్క తేల్చాయి. ఆ నాలుగు వర్ణాల్లో మాల మాదిగలకు చోటు లేదు, వాళ్లను వర్ణాలకు అవతలివాళ్లుగానే చూశారు.

నిజామాబాద్ జిల్లాలోనే బోధన్ ప్రాంతంలో దీనికి ఎదురు కథ ఒకటి ఉంది. చిందువాళ్లు మాదిగల ఆశ్రిత కులం, అంటే మాదిగల ముందు పురాణం ఆడి వాళ్ల మీద ఆధారపడి బతికే కళాకారులు. ఏయే ఊళ్లలో ఏ చిందు కుటుంబం ఆడాలో వంశపారంపర్యంగా వచ్చే మిరాశీ హక్కు నిర్ణయిస్తుంది. వాళ్లు ఆడే జాంబ పురాణంలో భూమి ఇంకా ఏర్పడక ముందే జాంబవంతుడు పుట్టాడు. మాదిగలు ఆయన సంతతి. బ్రాహ్మణ వేషగాడు ఎదురుగా నిలబడి ప్రశ్నలు వేస్తాడు, జాంబవంతుడు జవాబులు చెప్పి తానే పెద్దనని నిలబెట్టుకుంటాడు. పరశురాముడు తరుముతుంటే ఎల్లమ్మ దేవత దాక్కున్నది కూడా జాంబవంతుడి ఇంటి లందెలోనే, తోళ్లు నానబెట్టే తొట్టిలోనే. ఊరు మైలగా చూసే చోటు అక్కడ దేవత ప్రాణం కాపాడింది. బోధన్ మండలం అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ ఈ ఎల్లమ్మ వేషంతోనే పేరు తెచ్చుకున్నారు. పద్మశాలీలకు, గౌడులకు, గొల్లలకు కూడా తమ తమ కులపురాణాలు చెప్పే ఆశ్రితులున్నారు. ఏ కులపురాణమైనా పుట్టుక చెబుతూనే సమాజంలో తమవాళ్లకు దక్కాల్సిన చోటు ఏదో కూడా చెబుతుంది.

చరిత్రకారులు పుట్టుకను ఒక్క రోజుకో ఒక్క గ్రంథానికో కట్టరు. వ్యవసాయం స్థిరపడి రాజ్యాలు పెరిగేకొద్దీ తెగలు, చేతివృత్తుల బృందాలు ఒక్కొక్కటిగా ఈ మెట్లలోకి వచ్చి చేరాయంటారు. తెలుగు నేలపై నాలుగు వర్ణాల పటం ఎప్పుడూ సరిగా అతకలేదు. కాకతీయులు తాము నాలుగో వర్ణంవాళ్లమని కొన్ని శాసనాల్లో దాచకుండా చెప్పుకున్నారు. జన్యు పరిశోధన ఇంకో ఆధారం ఇచ్చింది. దేశంలోని జన సమూహాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ధారాళంగా కలిసిపోయాయని, ఆ తర్వాత తమలో తామే పెళ్లాడటం బిగుసుకుందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2013లో తేల్చింది. కులానికి ప్రాణం లోపలి పెళ్లిళ్లలోనే ఉందని అంబేడ్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో వాదించారు.

ఊళ్లో ఈ కట్టును నిలబెట్టింది బలూత. వడ్ల, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ కులాలవాళ్లు ఏడాది పొడుగునా రైతుకు పని చేసేవాళ్లు. పంట నూర్చినప్పుడు కల్లం దగ్గర గింజలు కొలిపించుకునేవాళ్లు. బావి నీళ్లు తోడే తోలు మోటనే చూస్తే, తోలు ఊనింది, మోట కుట్టింది మాదిగ. గిలక చేసింది వడ్ల. ఇనుప పని కమ్మరిది. మోట చినిగితే పొలం ఎండుతుంది. అయినా అది కుట్టిన చేతిని ఆ బావిలో చేద వేయనిచ్చేవాళ్లు కాదు. ఒకరు లేకుండా ఒకరికి గడవకపోవడం, ఒకరిని ఒకరు ముట్టుకోకపోవడం రెండూ ఒకే ఏర్పాటులో ఉండేవి. బలూతకు తోడు, నిజాం పాలనలో దొరలకూ అధికారులకూ కూలి లేకుండా చేయాల్సిన వెట్టి ఒకటి.

తర్వాత ఈ ఏర్పాటు సడలింది. 1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు, ఆ దశాబ్దంలోనే బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాయి. చెరకు సాగైంది, కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు, పనికి నగదు కూలి వచ్చింది. తర్వాత మోటార్లు వచ్చి మోటలు మూలపడ్డాయి. కులవృత్తి పోయింది గానీ వాడలు చాలా ఊళ్లలో ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఊరి మెట్లను కాగితం మీదికి ఎక్కించింది జనాభా లెక్కలు. 1901లో బ్రిటిష్ అధికారులు కులాలను హోదా వరుసలో పేర్చబోతే, మాకు పై మెట్టు రాయండని అర్జీలు వెల్లువెత్తాయి. హైదరాబాద్‌లో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అంటరానివాళ్లుగా చూస్తున్నవాళ్లే ఈ నేల మొదటివాళ్లని చాటి, 'ఆది హిందువు' అన్న పేరు కోసం పోరాడారు. 1931 లెక్కల్లో ఆ పేరు చేరింది. జాంబ పురాణం ఆటలో అడిగిన పెద్దరికాన్నే ఆయన ప్రభుత్వ రికార్డులో అడిగారు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది; కులాన్ని రద్దు చేయలేదు. రిజర్వేషన్లకు కులం ఒక ముఖ్య కొలమానమైంది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన ఇంటింటి సర్వే ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం.

నిజామాబాద్ జిల్లాలో కులం ఇప్పటికీ ఊరి పాలనలో ఒక పాత్ర పోషిస్తోంది. చట్టబద్ధత లేని గ్రామాభివృద్ధి కమిటీల్లో కులాల వారీగా పెద్దమనుషులు కూర్చుంటారు. గుడి, బడి, రోడ్డు పనులకు చందాలు పోగుచేసేదీ వాళ్లే, మాట వినని కుటుంబానికో కులానికో జరిమానా వేసి సాంఘిక బహిష్కరణ ప్రకటించేదీ వాళ్లే. ఇలాంటి వివాదాలు పోలీసు కేసుల దాకా వెళ్లాయి. బీడీలు చుట్టడంలో, గల్ఫ్ పనుల్లో అన్ని కులాలవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. సంబంధం చూసేటప్పుడు మాత్రం మొదట అడిగేది కులమే.