ఇంట నిర్మించుకొనదగిన లౌడ్ స్పీకరు

కురుగోడు వీధులయందును, అంగళ్లయందును కన్నడ తెలుగులు కలగలిసి వినబడుచుండును. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన బళ్ళారి తాలూకా నాటి మైసూరు రాష్ట్రమున చేరినను, ఇండ్లలోని భాష ఇండ్లలోనే నిలిచియున్నది. అయితే పద్యము, కథ, పాఠము, వార్త అను రూపమున ఉండు తెలుగు మన పిల్లల చెవికి చేరుట నేడు చాలవరకు యంత్రముల మూలముననే. సెల్ ఫోను, టెలివిజను, పాఠశాల మైకు, ఇవియే వారికి రెండవ ఉపాధ్యాయులు. ఆ ఉపాధ్యాయుడు శకార సకారములను ఒక్కటిగా పలికినచో శిష్యుడును అట్లే పలుకును. "మా వాడు చదువునప్పుడు సరిగానే చదువును, వ్రాయునప్పుడు శంకను సంక అని వ్రాయును" అని పలువురు తల్లులు చెప్పగా వినియున్నాము. దోషమంతయు పిల్లవానిదే కాకపోవచ్చును.

ఈ విషయమును రేడియో మరమ్మతు తెలిసిన మా మిత్రులొకరితో చర్చించి, వారును మేమును కలిసి ఇంటనే రెండు లౌడ్ స్పీకర్లను నిర్మించితిమి. మిత్రుల మాతృభాష కన్నడము. శ, ష, స ల భేదమును పట్టుటలో వారి చెవి మిక్కిలి పదునైనది. ఆ నిర్మాణమునందలి సూత్రములను తల్లిదండ్రులకు వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

నేటి లౌడ్ స్పీకరు స్వరూపము 1925లో అమెరికా దేశమున రైస్, కెల్లాగ్ అను ఇరువురు ఇంజనీర్లు ప్రకటించిన పరిశోధనతో స్థిరపడినది. అయస్కాంతపు సందులో సన్నని తీగచుట్ట యొకటి వ్రేలాడుచుండును. దానికి కాగితపు శంకువు అంటియుండును. విద్యుత్తు తీగలో ముందు వెనుకలకు మారినకొలది చుట్టయు, దానితో శంకువును కదలి గాలిని నెట్టును. ఇంతే యంత్రము. అంగడిలో దొరకు స్పీకరు అనునది ఇదియే.

కాని ఈ స్పీకరును ఉత్తగా చేత పట్టుకొని పాట వినిపించినచో కీచుమను ధ్వని మాత్రమే వచ్చును. కారణము విచిత్రమైనది. శంకువు ముందరి గాలిని నెట్టునప్పుడు వెనుకటి గాలిని లాగును. ముందు పుట్టిన తరంగమును వెనుక పుట్టిన తరంగమును పరస్పర విరుద్ధములు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, సెకనుకు 100 కంపనములు గల మంద్రధ్వని యొక్క తరంగము 3.4 మీటర్ల పొడవుండును. అంత పెద్ద తరంగమునకు జానెడు స్పీకరు అడ్డమే కాదు. వెనుకటిది చుట్టు తిరిగి వచ్చి ముందరిదానిని రద్దు చేయును. మీరే పరీక్షింపవచ్చును. చేటంత అట్టకు గుండ్రని రంధ్రము కోసి, స్పీకరు ముఖమును దానికి ఆనించుడు. తత్‌క్షణమే కంఠము నిండుగా వినబడును. పెట్టె యొక్క ప్రథమ ప్రయోజనము ఇదియే: వెనుకటి ధ్వనిని బంధించుట.

అయితే బంధించిన గాలి ఊరకుండదు. స్ప్రింగువలె శంకువును త్రోయును. 1954లో ఎడ్గార్ విల్చర్ అను అమెరికా దేశీయుడు ఈ స్ప్రింగునే ఉపయోగించుకొని, చిన్న మూతపెట్టెనుండి గంభీరమగు ధ్వనిని రాబట్టెను. ఆపై 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1970వ దశకమున రిచర్డ్ స్మాల్ చేసిన గణితము వలన పెట్టె కొలతలను ముందుగానే లెక్కించుట సాధ్యమైనది. ఉదాహరణకు, స్వతస్సిద్ధముగా 45 కంపనములకు ఊగు స్పీకరు యొకటి గలదనుకొందము. దాని శంకువు వ్రేలాడు బిగువు 25 లీటర్ల గాలి బిగువుతో సమానము. అట్టిదానిని 15 లీటర్ల పెట్టెలో బిగించినచో ఊగుట 73కు పెరుగును. 5 లీటర్ల డబ్బాలో బిగించినచో 110కి పోవును. పురుషుని కంఠము సుమారు 120 కంపనములతో ఆరంభమగును గనుక, ఇరుకు డబ్బాలో ఆ మ్రోత సరిగా కంఠము మీదనే వచ్చి పడును. చౌక పెట్టెలలో మాట గుంభనముగా, కుండలో పలికినట్లు వినబడుటకు ముఖ్యకారణము ఇదియే.

మేము లోపలి ఎత్తు 30, లోతు 25, వెడల్పు 20 సెంటీమీటర్లుగా పెట్టెను తీసికొంటిమి. ఇది 15 లీటర్లు. మూడు కొలతలును సమానముగా ఉంచినచో లోపలి ప్రతిధ్వనులు మూడును ఒకే స్వరము మీద కూడి రొదచేయును. భిన్నములుగా ఉంచినచో చెదరిపోవును. పలక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఇక లోపలి గోడలకు పరచుటకు మన జిల్లాలో కురుబలు నేయు నల్ల గొఱ్ఱె కంబళిని మించినది లేదని మా అభిప్రాయము. ఉన్ని పోగులు ధ్వనిని పీల్చుకొనును. పురుగు పట్టకుండ ముందుగా ఎండబెట్టవలెను. సందులను వజ్రముతోనో ఫెవికాలుతోనో గాలి చొరకుండ పూడ్చుట మిక్కిలి ముఖ్యము. ఈ పనిలో వడ్రంగిని తొందరపెట్టరాదు.

ఇక హల్లుల సంగతి. అచ్చులలోని నాదమంతయు క్రింది, నడిమి కంపనములలో నుండును. సకారము యొక్క బలము మాత్రము 4,000 కంపనములకు పైన, 8,000 వరకును, అంతకు పైకిని వ్యాపించియుండును. శకారము అంతకంటె కొంత దిగువనుండియే ఆరంభమగును. పాత టెలిఫోను 300 నుండి 3,400 కంపనములను మాత్రమే మోసెడిది. పేరును అక్షరము అక్షరముగా విడదీసి చెప్పవలసిన ఆనాటి అవస్థ పెద్దలకు తెలియును. పెద్ద శంకువు అంత వేగముగా సరిగా కదలజాలదు గనుక, పై ధ్వనులకు ట్వీటరు అను చిన్న స్పీకరును చేర్చితిమి. దానికి ముందు 4.7 మైక్రోఫారడ్ల కెపాసిటరు నుంచినచో, 8 ఓముల ట్వీటరునకు సుమారు 4,200కు పైబడిన కంపనములే బలముగా పోవును, క్రిందివి సన్నగిల్లును. పెద్ద స్పీకరునకు 0.3 మిల్లీహెన్రీల రాగితీగచుట్ట దీనికి విరుద్ధమగు పనిచేయును. తీగచుట్టను మిత్రులు తీరికగా చేతితోనే చుట్టిరి.

పెట్టెలపై అచ్చువేయు వేలకొలది వాట్ల అంకెలను నమ్మి సొమ్ము పారవేయుట మాకు నచ్చదు. సాధారణ సంభాషణ మీటరు దూరమున 60 డెసిబెల్లుల ప్రాంతమున నుండును. ఒక్క వాటుకు 87 డెసిబెల్లులు ఇచ్చు మధ్యరకపు స్పీకరునకు గదిలో పాఠము వినిపించుటకు ఒక వాటే మిక్కుటము. ఉత్సవములలో గుండెను తట్టు మంద్రధ్వని మాటకు మేలు చేయకపోగా కీడు చేయును. బలమగు క్రింది ధ్వని పైనున్న సన్నని ధ్వనులను కప్పివేయుట చెవి యొక్క స్వభావము. లౌడ్ స్పీకర్లు ఇంకను వాడుకలోనికి రాని కాలముననే రంగస్థలమునకు వచ్చిన బళ్ళారి రాఘవ (1880–1946) వంటి నటులకు చివరి వరుస వారికి హల్లును అందించుటయే విద్య. యంత్రమునుండియు మనము కోరవలసినది అదియే.

రెండు పెట్టెలను కలుపునప్పుడు ఒక పరీక్ష తప్పక చేయవలెను. ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్లు ధనధ్రువమును స్పీకరు ఎఱ్ఱ కొనకు క్షణకాలము తాకించినచో శంకువు ముందునకు ఉబుకవలెను. ఒకటి ముందునకును, మరొకటి వెనుకకును కదలినచో రెండును పోరాడుకొని మంద్రధ్వని మాయమగును. ఈ పరీక్ష ట్వీటరునకు కాదు. పెట్టెలను గది మూలలలో ఇరికింపక, కూర్చున్న పిల్లవాని చెవి యెత్తున ఉంచవలెను.

కడపటి పరీక్ష చెవితో. శరము, సరము, శంక, సంక, కథ, కత, ధార, దార వంటి జంటలను కలగాపులగముగా చదివి రికార్డు చేసి, పిల్లలకు వినిపించి వ్రాయించితిమి. ఫోనుతో ఒకసారి, కొత్త పెట్టెలతో ఒకసారి. శ, స ల విషయమున పెట్టెలతో వ్రాసిన పలకలు తేటగా మెఱుగుపడెను. ద, ధ ల తడబాటు మాత్రము కొంత మిగిలినది. మిత్రులు ఆ రికార్డును మరల మరల విని, ఫ్యాను రొదలో మహాప్రాణపు ఊపిరి ముందే కలిసిపోయినదనిరి. రికార్డులో లేనిదానిని ఏ స్పీకరును పుట్టింపలేదు. కావున ఇప్పుడు పాఠములను ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, నోటికి జానెడు దూరమున మైకు ఉంచి రికార్డు చేయుచున్నాము. వేసవిలో ఆ గదిలో పది నిమిషములకంటె ఎవరును కూర్చుండలేరు గనుక, ఒక్కొక్క పద్యమే సాగుచున్నది.