సూర్యాపేట కూడలిలో సంతోష్ బాబు విగ్రహం

తెలంగాణలోని సూర్యాపేట కోర్టు చౌరస్తాలో కర్నల్ సంతోష్ బాబు విగ్రహమున్నది. ఆ పట్టణవాసియైన ఆయన ఒడిశాకు చేరువనున్న విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివారు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్ అధిపతిగా ఆయన వీరమరణం పొందారు. ఆయనతో కలిపి అమరులైన 20 మందిలో తమిళనాడు, ఒడిశా వీరులూ ఉన్నారు.

అది ప్రకటిత యుద్ధం కాదు. వాస్తవాధీన రేఖ చెంత కాల్పులు జరపరాదని 1996లో ఒప్పందం కుదిరింది. ఆ రాత్రి తుపాకులు పేలలేదు. అయినను శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి ఇచ్చే మహావీర చక్రను 2021లో మరణానంతరం ఆయనకు ప్రకటించారు. ప్రథమ వర్ధంతినాడే విగ్రహావిష్కరణ జరిగింది.

గల్వాన్ దూరం, కూడలి దగ్గర. దారిన పోవు పిల్లలకు పెద్దలు ఈ సంగతి చెప్పవలె. లేనిచో విగ్రహం కేవలం చిరునామా గుర్తుగా మిగులును.