బదరీ వృక్షం కింద ప్రవక్త

కర్మెలు పర్వతం మీద అగ్ని దిగివచ్చేలా ప్రార్థించిన ఏలీయా ప్రవక్త, ఆ మహావిజయం తర్వాత ఎంతోకాలం గడవకముందే ఎడారిలో ఒక బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. యెజెబెలు రాణి చంపుతానని కబురు పంపితే బెయేర్షెబాకు పారిపోయాడు. వెంట ఉన్న దాసుణ్ణి అక్కడే వదిలేశాడు. ఒక రోజు ప్రయాణమంత దూరం ఒంటరిగా అరణ్యంలోకి నడిచి, తన ప్రాణం తీసేయమని దేవుణ్ణే వేడుకున్నాడు (1 రాజులు 19:1-4).

దేవుడు ఆయన్ని గద్దించలేదు. నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూతను పంపి, తట్టి లేపించి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, తాగడానికి నీళ్లు ఇప్పించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపినప్పుడూ తినమనే చెప్పించాడు. నీకిక్కడేం పని అనే ప్రశ్న నలభై రోజుల ప్రయాణం తర్వాత, హోరేబు కొండ దగ్గర గాని రాలేదు. మొదట నిద్ర, తర్వాత ఆహారం, ఆ తర్వాతే సంభాషణ. ఇదీ దేవుడు పాటించిన వరుస.

ఈ అధ్యాయం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. అయినా మా సంఘంలోని ఒక సోదరి విషయంలో ఆ వరుసను తలకిందులు చేశాం. రెండు నెలలుగా ఆరాధనకు రాని ఆమెను చూడటానికి సంఘ పెద్దలతో కలిసి వెళ్లాం. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రాత్రుళ్లు నిద్ర లేదని, ముద్ద గొంతు దిగడం లేదని, పిల్లల్ని కూడా పట్టించుకోవడం లేదని భర్త చెప్పాడు. మేము పాట పాడి, వాక్యం చదివి, 'విశ్వాసంలో సన్నగిల్లావమ్మా, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రా' అని చెప్పి వచ్చేశాం. వారాల తరబడి సరైన తిండి లేని మనిషికి ఉపవాసం ఉండమని చెప్పాం! ఆమె వచ్చింది. ప్రార్థన మధ్యలోనే కళ్లు తిరిగి పడిపోయింది.

ఆమె అన్న మానసిక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాడు. అది డిప్రెషన్ అనే జబ్బని తేలింది. మందులు, డాక్టరు మాటసాయంతో కొన్ని నెలల్లో కోలుకుంది. ఒకరోజు మాతో అంది: 'అయ్యగారూ, ఆ రోజు మీరు వెళ్లిపోయాక, నాకు విశ్వాసం కూడా లేదన్నమాట, ఇక బతికేం లాభం అనుకున్నానండీ.' ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాం.

ఇలాంటివారు మనం అనుకునేంత అరుదు కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలోని పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. 'పిచ్చి' అనే ముద్రకు భయపడి దాచుకునేవారు ఎందరో. విశ్వాసుల ఇళ్లలో దానికి 'విశ్వాసం లేదు' అనే ముద్ర కూడా తోడవుతోంది. లండన్ ప్రసంగీకుడు స్పర్జన్ ఎన్నో ఏళ్లు మనోవ్యాకులతతో బాధపడ్డాడు. ఆ సంగతి దాచుకోకుండా తన విద్యార్థులకు చెప్పాడు. ఆయనది విశ్వాసం లేని బతుకని ఎవరనగలరు?

డాక్టరు దగ్గరికి వెళ్లడం దేవుణ్ణి నమ్మకపోవడమూ కాదు. హిజ్కియా రాజును స్వస్థపరుస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను ఆయన పుండు మీద వేయించాడు (2 రాజులు 20:5-7). ప్రార్థన, మందు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

రోజూ మనం చేసుకోదగిన జాగ్రత్తలు కూడా ఉన్నాయి. వేళకు పడుకోవాలి, సెల్‌ఫోన్‌ను మంచానికి దూరంగా పెట్టాలి. ఆకలి లేకపోయినా వేళకు నాలుగు ముద్దలు తినాలి. ఉదయం ఎండలో కాసేపు నడవాలి. తినడానికి కూడా తీరిక లేని శిష్యులను యేసుప్రభువే ఏకాంతంగా వెళ్లి అలసట తీర్చుకోమన్నాడు (మార్కు 6:31). మనసులో మాట చెప్పుకోవడానికి ఒక మనిషిని దగ్గర ఉంచుకోవాలి. దాసుణ్ణి వదిలేసుకున్న ఏలీయాకు దేవుడు ఎలీషాను తోడు ఇచ్చాడు, అతనిలాంటి వారు ఇంకా ఏడువేల మంది ఉన్నారని చెప్పాడు.

దిగులు, నిరాసక్తత, నిద్రలేమి రెండు వారాలకు మించి వదలకపోతే మాత్రం డాక్టరును కలవాలి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరు చెప్పకుండా వాటిని ఆపకూడదు. ఆపమని చెప్పే హక్కు ఏ బోధకుడికీ లేదు, మాకూ లేదు.

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా బైబిలు తెరిచే ముందు మేము రెండు మాటలు అడుగుతున్నాం. 'రాత్రి నిద్రపట్టిందా? ఏమైనా తిన్నారా?' ఆ తర్వాతే ప్రార్థన చేస్తున్నాం. మనం మట్టితో చేయబడినవారమని దేవుడు మరచిపోడు. మనమూ మరచిపోకూడదు.